థ్రిల్లర్ ఎత్తుగడ: పులిని చూపించక్కర్లేదు, ఆకుల చప్పుడు చాలు

థ్రిల్లర్ సినిమాకి మొదటి పది నిమిషాలు ఎట్ల ఉండాల అని ఎవుర్ని అడిగినా ఒకటే జవాబు వస్తాది: అదిరిపోవాల. ఒక శవం పడాల, ఒక కారు గాల్లోకి ఎగరాల, నెత్తురు చిమ్మాల, ఆ నెత్తుట్లోనే టైటిల్ పడాల. తీసేవాళ్లూ అదే అంటారు, యూట్యూబులో రివ్యూ చెప్పేవాళ్లూ అదే అంటారు. నాకైతే ఈ జవాబు సగమే నిజం అనిపిస్తాది. అదరగొట్టేది ఏమంత కష్టం కాదు. చెవి పక్కన టపాకాయ పేల్చినా మనిషి అదిరిపోతాడు. అదిరినాక దులుపుకోని మళ్లీ తన పనిలో పడతాడు. మంచి ఎత్తుగడ చేసే పని వేరే. చూసేవాడి చేతిలో ఒక ప్రశ్న పెట్టి, 'ఇది పట్టుకోని కూర్చో, జవాబు నేనిస్తా' అని మాటిస్తాది. అంటే అప్పు చేసినట్టే లెక్క. మిగిలిన రెండు గంటలూ సినిమా ఆ అప్పు తీర్చాల.

ఈ మాట ఇప్పుడు చెప్పుకోవాల్సిన పని ఉండాది. తిరుపతిలో, చిత్తూరులో, మదనపల్లెలో ఫోన్లతోనే షార్ట్ ఫిల్ములు, వెబ్ సిరీసులు తీసే పిలకాయలు ఇప్పుడు శానామంది. వాళ్లకి థ్రిల్లరంటే మోజు. ఒక పాత ఇల్లు, ఇద్దరు మనుషులు, ఒక రాత్రి ఉంటే చాలు, ఖర్చు లేకుండా అయిపోతాది. ఇంకోపక్క చూసేవాడు మారిపోయినాడు. టికెట్టు కొని హాల్లో కూర్చున్నోడు బాగున్నా బాగలేకున్నా ఇంటర్వెల్ దాకా ఓర్చుకుంటాడు. ఇంట్లో ఫోన్లో చూసేవాడి బొటనవేలు తెర మిందనే ఉంటాది, రెండు నిమిషాలకే ఇంకోదానికి పోతాడు. దాంతో తీసేవాళ్లకి తొందర పుట్టింది. తొందరలో చేతికి దొరికేది నెత్తురొక్కటే.

ఇంకో సంగతి కూడా ఉండాది. మన సీమ ఎట్లుంటాదో బయటోళ్లు తెలుసుకునేది శానా మటుకు సినిమా ఎత్తుగడల్లోనే. ఆ పది నిమిషాల్లో మనల్ని ఎట్ల చూపిస్తే వాళ్ల మనసులో అట్లే ఉండిపోతాం. ఆ లెక్క కూడా ఈడ తేల్చుకోవాల.

తలకోనలో పరుగు

మంచి ఎత్తుగడ చూసేదానికి దూరం పోనక్కర్లేదు. మన తలకోనే చాలు. 1985లో వంశీ తీసిన 'అన్వేషణ' శానా భాగం ఆ అడవిలోనే తీసినారు. కార్తీక్, భానుప్రియ, శరత్‌బాబు, కైకాల సత్యనారాయణ, రాళ్లపల్లి వేసినారు. సంగీతం ఇళయరాజా. పక్షుల కూతకీ మన సంగీతానికీ ఉండే చుట్టరికాన్ని పరిశోధించేదానికి ఒక అమ్మాయి అడవికొస్తాది. ఆ అడవిలో మనుషులు ఒకరి తర్వాత ఒకరు చచ్చిపోతా ఉంటారు. పులి చంపతా ఉండాదని ఆడోళ్లంతా నమ్మతారు.

సినిమా మాత్రం ఆ అమ్మాయి రాకతో ఎత్తుకోదు. ఒక ఆడమనిషి ప్రాణాలు అరచేతిలో పెట్టుకోని అడవిలో పరిగెత్తతా ఉంటాది. వెనక ఏదో తరమతా ఉండాది. అదేందో మనకి కనపడదు. కెమెరానే ఆమె వెంట పడతాది. అంటే తరిమేదాని కండ్లతో మనం చూస్తా ఉంటాం. చెట్లు, కొమ్మలు, ఆమె భయం, ఇళయరాజా సంగీతం. అంతే. ఇన్నేండ్లయినా తెలుగు థ్రిల్లర్ల మాట వస్తే పాత జనం ఈ పరుగును ఇప్పటికీ తల్చుకుంటారు.

దీన్ని రవంత విప్పి చూద్దాం. మొదటిది, చంపేది ఎవురో చూపించలేదు. పులిని చూపించుంటే అది వేట సినిమా అయిపోయుండేది. మనిషిని చూపించుంటే పోలీసు సినిమా అయిపోయుండేది. రెండూ చూపించకపోయేసరికి 'పులా, మనిషా?' అనే ప్రశ్న పుట్టింది. తర్వాత నడిచే కతంతా ఆ ప్రశ్న మిందనే నడుస్తాది. ఊళ్లో ఎవురు మాట్లాడినా, ఎవురు గమ్మున ఉన్నా మనకి అనుమానమే.

రెండోది, మనల్ని కూర్చోబెట్టిన చోటు. పరిగెత్తే మనిషి పక్కన ఉంటే మనకి జాలి పుడతాది. తరిమేదాని కండ్లల్లో ఉంటే జాలితో పాటు నిస్సహాయం కూడా పుడతాది. ఆమెకంటే ముందే మనకి తెలుస్తా ఉంటాది, దూరం తగ్గిపోతా ఉండాదని. చెప్పేదానికి నోరుండదు.

మూడోది, అడవి. తలకోన అంటే జనానికి 270 అడుగుల జలపాతం గుర్తొస్తాది. ఆడికి పోయినోళ్లకి మాత్రం ఆ చెట్ల దట్టం, చెట్టు నుంచి చెట్టుకి అల్లుకున్న గిల్లతీగలు గుర్తుంటాయి. పది అడుగుల అవతల ఏముండాదో ఆకు కదిలితే గానీ తెలీదు. ఎండ కూడా ముక్కలు ముక్కలుగానే నేల మింద పడతాది. దాక్కునేదానికీ దారి తప్పేదానికీ ఆ చోటే సాయం చేస్తాది. ఇదే పరుగు కోతలైపోయిన వరిమడిలో పెట్టుంటే తరిమేదాన్ని దాచేదానికి కెమెరా నానా పాట్లు పడాల్సొచ్చేది. మంచి ఎత్తుగడలో చోటు అనేది వెనకాల కట్టిన బొమ్మ మాదిరి ఉండదు. అది కూడా ఒక పాత్ర మాదిరి పని చేస్తాది.

అన్వేషణకి పదేండ్ల ముందు, 1975లో, అమెరికాలో స్పీల్‌బర్గ్ 'జాస్' తీసినాడు. అందులో కూడా ఒక అమ్మాయి రాత్రిపూట సముద్రంలో ఈదతా ఉంటాది. నీళ్ల కింద నుంచి ఏదో లాగతాది. సొరచేప మాత్రం కనపడదు. ఆ సినిమాకి చేసిన యంత్రం సొరచేప ఉప్పునీళ్లల్లో మాటిమాటికీ చెడిపోయేదంట. అందుకని దాన్ని తక్కువగా చూపించాల్సొచ్చింది. ఆ తక్కువే సినిమాకి బలం అయ్యింది. డబ్బుల్లేక, వసతుల్లేక తీసే మన పిలకాయలు ఈ కత గుర్తు పెట్టుకోవాల. చూపించలేకపోయేది ఎప్పుడూ నష్టం కాదు.

కనపడని దానికి మనిషి ఎంత భయపడతాడో తిరుపతోళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక ఆరేండ్ల బిడ్డను పొట్టన పెట్టుకున్నాక, మధ్యాన్నం 2 గంటలు దాటితే పదిహేనేండ్ల లోపు బిడ్డల్ని టీటీడీ ఆ దారిలో పంపలేదు. పెద్దోళ్లను గుంపులుగా పొమ్మనింది, చేతికి కర్రలిచ్చింది. ఆ దినాల్లో మెట్లెక్కినోళ్లలో చిరుతను కండ్లారా చూసినోళ్లు ఎంతమంది ఉంటారు? అయినా పొదలో ఎండుటాకు కదిలితే చాలు, మాటలు ఆగిపోయేవి, గోవింద నామం గట్టిగా వినపడేది. ఆ బిడ్డ చావును కత చేసి అమ్ముకోమని నేను చెప్పడం లేదు. ఆ తల్లిదండ్రుల దుఃఖం ఎవురికీ తమాషా కాకూడదు. నేను చెప్పేది ఆ ఎండుటాకు గురించి. భయం పుట్టేది ఆడ.

తెలిసిన చావుకి కూడా ఎదురుచూపే

అట్లని దాచిపెట్టేదే థ్రిల్లర్ అనుకుంటే అదీ పొరపాటే. ముందే చెప్పేసి కూడా ఊపిరి బిగబట్టించొచ్చు.

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ దీనికి ఒక లెక్క చెప్పినాడు. ఫ్రెంచి దర్శకుడు ట్రూఫోతో మాట్లాడేటప్పుడు చెప్పిన మాట అది. ఇద్దరు మనుషులు బల్ల కాడ కూర్చోని ఏదో పనికిరాని మాటలు చెప్పుకుంటా ఉంటారు. ఉన్నట్టుండి బల్ల కింద బాంబు పేలతాది. మనం పదిహేను సెకన్లు ఉలిక్కిపడతాం. అదే బాంబును ముందే మనకి చూపించి, ఇంత టైముకి పేలతాదని చెప్పి, ఆ పనికిరాని మాటలే మళ్లీ వినిపిస్తే? పదిహేను నిమిషాలు మనం కుర్చీలో నిలవలేం. 'లేవండ్రా, లేచి పోండ్రా' అని లోపల అరస్తా ఉంటాం. మొదటిది ఉలికిపాటు, రెండోది ఎదురుచూపు. థ్రిల్లర్‌కి కూడు పెట్టేది రెండోదే.

ఆర్సన్ వెల్స్ 1958లో తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్' ఈ లెక్కకి సరిపోయే ఎత్తుగడ. ఒకడు కారు డిక్కీలో బాంబు పెడతాడు. సంగతి తెలీని జంట వచ్చి అదే కారెక్కతారు. ఆడి నుంచి మూడు నిమిషాలకి పైగా ఒక్క కోత కూడా లేకుండా కెమెరా ఆ ఊరి వీధుల్లో పోతానే ఉంటాది. కారు ఆగతాది, కదలతాది. పక్కనే ఇంకో జంట నవ్వుకుంటా నడిచి పోతా ఉంటాది. కోత పడితే మనకి రవంత తెరిపి దొరికేది. ఆ తెరిపి కూడా ఇవ్వకూడదనే అంత పొడవు షాటు.

తెలుగులో 1991లో రాంగోపాల్ వర్మ 'క్షణక్షణం' కూడా ఇదే దారి పట్టింది. సినిమా బ్యాంకు దొంగతనంతో మొదలవతాది. దొంగల్లో ఒకడు మిగతా వాళ్లను మోసం చేసి డబ్బును దాచేస్తాడు. దాని వెనక ఎంత మంది పడతారో, ఎట్లాంటోళ్లు పడతారో మనకి తెలిసిపోయింది. ఇదేదీ తెలీని ఒక మామూలు అమ్మాయి, శ్రీదేవి, తర్వాత ఇందులో ఇరుక్కుంటాది. మనకి తెలిసింది ఆమెకి తెలీదు. ఆ తేడానే సినిమాని లాగతాది. మొదట దొంగతనం చూపించకుండా అమ్మాయితోనే ఎత్తుకోనుంటే, ఆమె తలుపు తీసిన ప్రతి తూరీ మన గుండె కొట్టుకునేది కాదు.

ఈ విద్య మనకి సినిమా వచ్చి నేర్పిందేమీ కాదు. చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ, ధర్మరాజు గుళ్ల కాడ 18 దినాలు జరిగే మహాభారత యజ్ఞాలు చూసినోళ్లకి ఇది పాత సంగతే. పగలు హరికత, రాత్రి వీధినాటకం. ఆఖరి దినం నేల మింద పండబెట్టినట్టు మట్టితో చేసిన దుర్యోధనుడి బొమ్మ కాడ వధ జరుగుతాది, ఆ సాయంత్రం అగ్నిగుండం. దుర్యోధనుడు చస్తాడని చంకలో బిడ్డకి కూడా తెలుసు. అయినా ఊరు ఊరంతా తెల్లవార్లూ కూర్చుంటాది. ఏమవతాది అనేది వాళ్లకి తెలుసు. ఎట్లవతాది, ఆ మనిషి తన చావుకి తాను ఎట్ల నడిచిపోతాడు అనేది చూడాల.

అదే వీధినాటకంలో పాత్ర ఎట్ల వస్తాదో గుర్తు చేసుకోండి. ఇద్దరు మనుషులు ఒక గుడ్డ తెర అడ్డం పట్టుకుంటారు. వెనక గజ్జెలు మోగతాయి. కింద కాళ్లు కనపడతాయి, పైన కిరీటం కొస కనపడతాది. మొహం కనపడదు. పాటలో తాను ఎంత గొప్పోడో చెప్పుకుంటాడు. హాస్యగాడు పక్కన నిలబడి 'ఎవురయ్యా నువ్వు' అని అడగతాడు, మనం నవ్వతాం. అంతసేపు ఊరించినాక గానీ తెర తియ్యరు. అందరికీ తెలిసిన దుర్యోధనుడి మొహం చూసేదానికే అంత ఊరింపు! పేరు ముందే చెప్పి మొహం దాస్తే ఏమవతాదో మనోళ్లకి ఎప్పుడో తెలుసు.

చెక్క విలువ

ఇప్పుడు మన అడవికే మళ్లీ పోదాం, ఇంకో సినిమా కోసం. 2021 డిసెంబరులో సుకుమార్ తీసిన 'పుష్ప: ది రైజ్' మన చిత్తూరు యాసను దేశమంతా వినిపించింది. అల్లు అర్జున్‌కి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు తెచ్చిపెట్టింది. ఆ సినిమా శేషాచలంలో మొదలు కాదు. జపాన్‌లో, బొమ్మల కతగా మొదలవతాది. ఆడ ఒక పెండ్లి, ఒక తీగల వాయిద్యం. ఆ వాయిద్యానికి వాడిన చెక్క యాడిది అని వెనక్కి పోతే మన ఎర్రచందనం.

ఇది తెలివైన ఎత్తుగడ. ఎర్రచందనం విలువ గురించి ఎవురో ఒక అధికారి కుర్చీలో కూర్చోని చెప్పుంటే అది పాఠం అయిపోయేది. శేషాచలం, వెలిగొండ, లంకమల, పాలకొండ కొండల్లో తప్ప ఇంక యాడా పెద్దగా పెరగని చెట్టు అది. ఆ సంగతిని లెక్కల్లో చెప్పకుండా ఒక పెండ్లి సంబరంలో చెప్పినారు. 'ఈడి కొండలో నరికిన చెక్క సముద్రాలు దాటి ఆడికి ఎట్ల పోయింది?' అనే ప్రశ్న పుట్టింది. ఆ దారిలో ఎవుడెవుడు నిలబడి ఉంటాడో చూడాలని మనకే అనిపిస్తాది. ఒక కూలోడు ఆ దారిని గెలుచుకునే కతకి ఇంతకంటే మంచి గుమ్మం ఉండదు.

అయినా ఈ ఎత్తుగడ చూపించని మనిషి ఒకడుండాడు. చెక్కకీ వాయిద్యానికీ మధ్యలో గొడ్డలి పట్టుకున్నోడు. 2015 ఏప్రిల్ 7న మన చంద్రగిరి పక్క శేషాచలం అడవిలో టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయినారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చినోళ్లు. ఎదురుకాల్పులని పోలీసులు చెప్పినారు. బూటకమని హక్కుల సంఘాలు చెప్పినాయి. ఆ దినం సంగతి ఈ పక్కల జనం ఇంకా మర్చిపోలేదు. అవతల ఒక కొండపల్లెలో ఒక ఆడమనిషి మొగుడి ఫోను కోసం ఎదురు చూస్తా ఉండే దానితో మొదలయ్యే థ్రిల్లర్‌ని ఊహించుకోండి. పనికి పోయినోడు యాడికి పోయినాడో ఆమెకి తెలీదు. పోస్తా ఉన్న అన్నం చేతిలోనే ఉంటాది, ఫోను మోగదు. ఒక్క తుపాకీ పేలక్కర్లేదు. ఆ ఎత్తుగడ మోసే ప్రశ్న జపాన్ పెండ్లి మోసిన ప్రశ్నకంటే ఏం తక్కువది? నాకైతే అట్లాంటి సినిమా చూడాలని ఉండాది.

సీమ అంటే సుమోలేనా?

ఇప్పుడు మనకి నొప్పి పెట్టే సంగతి. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర'. ఈ వరస ఆడినాక తెలుగు సినిమాకి సీమను చూపించే ఒక అచ్చు దొరికింది. దుమ్ము లేపుకుంటా సుమోలు రావాల, తెల్లబట్టలు, మీసాలు, వేటకొడవళ్లు, నాటుబాంబులు. ఒక ఇంటి ముందర నలుగురు తెగిపడాల. ఆపైన పేరు పడాల. ఫ్యాక్షన్ అబద్ధమని నేను చెప్పడం లేదు. కడప, కర్నూలు, అనంతపురం పల్లెల్లో ఎన్ని ఇండ్లు దాంట్లో కూలిపోయినాయో అందరికీ తెలుసు. నా తగాదా ఎత్తుగడ గురించి. ఆ అచ్చులో చచ్చేవాడికి పేరుండదు, మొహముండదు. చంపేవాడు ఎందుకు చంపతాడో అడిగే పనుండదు. 'సీమ గదా, అట్లే ఉంటాది' అనేదే జవాబు. ప్రశ్న పుట్టకముందే జవాబు చెప్పేస్తే దానికి థ్రిల్లర్‌లో ఏం పని?

పైగా బయటోళ్లకి సీమ జిల్లాల మధ్య తేడా తెలీదు. మామిడితోటలు, పాడి, పట్టుపురుగులు, టమోటాలు పెట్టుకోని బతికే చిత్తూరోడు హైదరాబాదులో నోరు తెరిస్తే చాలు, 'సీమోళ్లా? బాంబులుంటాయా మీ ఇంట్లో?' అని నవ్వుతా అడగతారు. ఆ నవ్వు పుట్టింది ఈ పది నిమిషాల్లోనే.

ఇదే వస్తువుతో మంచి ఎత్తుగడ కట్టలేమా అంటే, కట్టినారు. 2018లో త్రివిక్రమ్ 'అరవింద సమేత వీర రాఘవ' తీసినాడు. రెండు ఊర్ల పగకి మొదలు పేకాటలో అయిదు రూపాయల గొడవ. ఊరికొస్తా ఉన్న కొడుకు కండ్ల ముందరే తండ్రి పోతాడు. కొడుకు కత్తి పడతాడు, దారి నెత్తురవతాది. ఈడి దాకా ఇదీ పాత అచ్చే. తేడా తర్వాత వస్తాది. శవాల ముందర నిలబడిన మనవడితో జేజి మాట్లాడతాది. ఇది ఆగే దారి ఉండాదా అనే మాట ఆమె నుంచే వస్తాది. పాత సినిమాల్లో 'పగ ఎట్ల తీర్చుకుంటాడు?' అనేది ప్రశ్న. ఈడ 'పగ తీర్చుకోకుండా ఎట్ల నిలబడతాడు?' అనేది ప్రశ్న. నెత్తురు అంతే ఉండాది, ఇంకా ఎక్కువే ఉండాది కూడా. ప్రశ్న మారేసరికి ఆ నెత్తురుకి బరువొచ్చింది. నెత్తురు తక్కువా ఎక్కువా అనే లెక్క కంటే, దాని పక్కన నిలబడి అడిగే మనిషి ఉండాడా లేడా అనేదే పెద్ద లెక్క.

అప్పు ఎగ్గొట్టే ఎత్తుగడలు

చేసిన అప్పు తీర్చని ఎత్తుగడలు కూడా ఉంటాయి. అందరికీ తెలిసింది 'ఆరు నెలల ముందు' అనే అట్ట. మొదటి నిమిషంలో హీరో నెత్తుట్లో తడిసి తుపాకీ పట్టుకోని ఉంటాడు. టక్కున తెర నల్లబడతాది, 'ఆరు నెలల ముందు' అని పడతాది. ఆడి నుంచి ముప్పావు గంట కాలేజీ, క్యాంటీను, డ్యూయెట్టు. తీసినోడికి తన మొదటి ముప్పావు గంట మింద నమ్మకం లేదని ఆ అట్టే చెప్పేస్తాది. చివర్లో ఆ సీను మళ్లీ వచ్చేటప్పుడు మనకి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

ఇంకోటి కల. భయంకరంగా ఏదో జరుగుతాది, ఉలిక్కిపడి లేస్తాడు, చెమట తుడుచుకుంటాడు. చూసేవాడిని ఒక తూరి అట్ల మోసం చేస్తే, తర్వాత నిజంగా చావు వచ్చినా వాడు నమ్మడు. మూడోది మన ఊరి జబ్బు, డ్రోను. తిరుపతిలో తీసిన షార్ట్ ఫిల్ము అంటే మొదట ఏడుకొండలు పైనుంచి కనపడాల, మబ్బులు పోవాల, వెనక సుప్రభాతం. ఆ తర్వాత కత ఒక అద్దె గదిలో జరుగుతాది. ఆ కొండకీ ఆ గదికీ ఏం చుట్టరికం? అడవి అన్వేషణకి ఎట్ల పనిచేసిందో కొండ నీ కతకి అట్ల పనిచేయకపోతే అది పోస్టుకార్డు.

వెనక్కీ ముందుకీ పోయే ఎత్తుగడ కూడదని కాదు. మలయాళంలో 2013లో జీతూ జోసెఫ్ తీసిన 'దృశ్యం' చూడండి. మన దగ్గర వెంకటేశ్‌తో 2014లో వచ్చింది దానికి రీమేకే. మలయాళం సినిమా మొదట్లో ఒక మామూలు మనిషి పోలీస్ స్టేషన్ బెంచీ మింద గమ్మున కూర్చోని ఉంటాడు. అంతే, ఏమీ జరగదు. ఆ మనిషి, ఆ స్టేషన్ ఎందుకు చూపించినారో సినిమా ఆఖరికి గానీ తెలీదు. తెలిసినప్పుడు మొదటి సీను మొత్తం కొత్తగా అగపడతాది. చూడనోళ్లుంటారు కాబట్టి ఇంతకంటే చెప్పను. నెత్తురు లేని ఆ బెంచీ చేసిన అప్పును సినిమా వడ్డీతో సహా తీర్చింది.

2023లో కార్తీక్ దండు తీసిన 'విరూపాక్ష'ది ఇంకో పద్ధతి. 1979లో రుద్రవనం అనే ఊళ్లో చేతబడి చేస్తారని ఒక జంటను ఊరోళ్లే కాల్చేస్తారు. పుష్కరం తర్వాత ఊరు వల్లకాడవతాదని చచ్చేముందు శాపం పడతాది. అంటే ఎత్తుగడ ఒక గడువు పెట్టేసింది. పన్నెండేండ్లు దాటి కత మొదలయ్యేసరికి, ఆ ఊళ్లో జాతర జరిగినా, పిల్లలు ఆడుకున్నా మన మనసులో గడియారం తిరగతానే ఉంటాది. హిచ్‌కాక్ బల్ల కింద బాంబు ఈడ ఊరి కింద ఉండాది.

చేసి చూసేదానికి ఒక కొలత

ఇదంతా వినేదానికి బాగుండాది, తీసేది ఎట్ల అంటారా? మన పక్కదే ఒకటి తీసుకుందాం. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమోటా వంద దాటింది. అంతకు ముందు రోడ్డు పక్కన పారబోసిన కాయ బంగారమయ్యింది. రైతులు తోటలకి రాత్రి కాపలా పెట్టుకున్నారు. ఈ వస్తువు మింద థ్రిల్లర్ తీయాలంటే ఎత్తుగడ ఏంది?

పాత పద్ధతిలో అయితే తోటలో శవం, ఎర్రటి టమోటాల మింద నెత్తురు, పైనుంచి డ్రోను. అదిరిపోతాది, నిజమే. దానికి బదులు ఇట్ల ఆలోచించండి. రాత్రి. తోట గట్టు మింద ఒక ముసలాయన టార్చిలైటు పట్టుకోని కూర్చోని ఉంటాడు. లెక్క కడతా ఉంటాడు: ఇన్ని బాక్సులు, ఇంత రేటు, బ్యాంకోడికి ఇంత, కూతురి పెండ్లి బాకీ ఇంత. లెక్క సరిపోతాది. ఎన్నో ఏండ్ల తర్వాత మొదటి తూరి సరిపోతాది. ఆయన నవ్వుకుంటాడు. అప్పుడు తోట అవతలి కొసన ఇంకో టార్చి వెలగతాది. ఆయన తన లైటు ఆర్పేస్తాడు. అవతలి లైటు కూడా ఆరిపోతాది.

ఇందులో ఖర్చు రెండు టార్చిలైట్లు. ఈడ ఏం పని జరిగిందో చూడండి. చచ్చేముందు మనిషి మనకి తెలిసినాడు, ఆయన పోగొట్టుకోబోయేది ఏందో తెలిసింది. ప్రశ్న ఒక్కటే: అవతల ఎవురు? ఆరిపోయిన లైటు ఆ ప్రశ్నకి పదును పెట్టింది, ఎందుకంటే అవతలోడు ఈయన్ని గమనిస్తా ఉండాడు. టమోటా తోట తప్ప ఇంక యాడా ఈ సీను ఇట్ల పుట్టదు. సంగీతం కూడా అక్కర్లేదు, కప్పల అరుపులు చాలు. ఉన్నట్టుండి కప్పలు ఆగిపోతే ఇంకా మంచిది. మాట మన యాసలో ఉండాల, కానీ నవ్వించేదానికో విలనీకో కాదు. లెక్క కట్టే మనిషి నోట్లో వచ్చే యాస అది.

తర్వాత పెద్ద పరీక్ష ఉంటాది. ఆఖరి సీను రాసుకోని, దాన్ని ఈ మొదటి సీను పక్కన పెట్టి చూడాల. అవతలి టార్చి పట్టుకున్నోడు ఎవురో తెలిసినాక, మొదటి సీను ఇంకా బరువెక్కతా ఉండాదా, తేలిపోతా ఉండాదా? బరువెక్కితే అప్పు తీరినట్టు. తేలిపోతే మొదటి సీను మళ్లీ రాయాల. కెమెరా బయటికి తీసేది ఆ తర్వాతే.

మన పిలకాయలు థ్రిల్లర్లు తీయాల. మన తోటల్లో, మన ఘాట్ రోడ్లల్లో, మన బస్టాండుల్లో ఇంకా ఎవురూ అడగని ప్రశ్నలు బోలెడుండాయి. మొదటి పది నిమిషాల్లో ఎవుర్ని చంపాల అని కూర్చోని ఆలోచించే బదులు, ఎవురు పోతే చూసేవాడికి ఇంట్లో మనిషి పోయినట్టుంటాదో ఆలోచించండి. ఆ మనిషిని రెండు నిమిషాలు బతకనివ్వండి. మన సీమలో కూడా మనుషులు బతకతారని, చావుకి భయపడతారని బయటోళ్లకి ఆ రెండు నిమిషాల్లోనే తెలుస్తాది.